‘అను’ అనకుండా మాట నేర్పే విద్య

పసిపిల్లల మాట చికిత్సలో గత యాభై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పును ఒకే ఒక్క తెలుగు క్రియాపదంతో చెప్పవచ్చు. ఆ పదం ‘అను’. మాట ఆలస్యమైన బిడ్డ ఉన్న ఇంట్లో ‘అత్త అను’, ‘తాత అను’, ‘అంకుల్‌కి టాటా అను’ అని పెద్దలు రోజంతా అడుగుతూనే ఉంటారు. పూర్వపు చికిత్స కూడా బల్లకు అటూ ఇటూ కూర్చుని, బొమ్మల అట్టలు ఒక్కొక్కటిగా చూపిస్తూ, అదే ఆజ్ఞను శాస్త్రీయమైన వరుసలో ఇచ్చేది. బాలకేంద్రిత చికిత్స అని నేడు పిలుస్తున్న పద్ధతి ఆ ఆజ్ఞను వీలైనంత వరకు పక్కన పెడుతుంది. బిడ్డ చేత ఒక మాట అనిపించడం దాని తొలి లక్ష్యం కాదు. అనవలసిన అవసరం, అన్నదాన్ని వినే మనిషి, అనేదాకా ఆగే ఓపిక, ఈ మూడూ ఒకచోట కలిసే సందర్భాన్ని కల్పించడమే దాని పని. మాట నోట్లో పుట్టేదే అయినా ఇద్దరు మనుషుల మధ్య పెరిగేది కనుక, ఒక్కరి నోటిని సరిచేసినంత మాత్రాన అది పెరగదన్నది ఈ పద్ధతికి ఆధారమైన ఆలోచన.

‘మాట సరిగా రావడం లేదు’ అని తెలుగు ఇళ్లలో చెప్పే ఒక్క వాక్యం కింద నిజానికి వేర్వేరు ఇబ్బందులు దాగి ఉంటాయి. పదాలు తెలిసి, చెప్పాలనుకున్నది స్పష్టంగా ఉండి, పలుకు మాత్రం ఎదుటివారికి అర్థం కాకపోవడం ఉచ్చారణ సమస్య. పలుకు బాగానే ఉన్నా పదాలు తక్కువగా ఉండటం, వాక్యం కూర్చలేకపోవడం, చెప్పింది గ్రహించలేకపోవడం భాష సమస్య. మాట మధ్యలో ఆగడం, మొదటి అక్షరం పదేపదే రావడం ధారకు సంబంధించిన సమస్య. నత్తి అనేది అసలు దీని పేరే అయినా, వాడుకలో అస్పష్టమైన ప్రతి పలుకునూ నత్తి అనడం వల్ల చాలా కుటుంబాలు మొదటి అడుగులోనే దారి తప్పుతాయి. వినికిడి లోపం, ఆటిజం, బుద్ధి వికాసంలో ఆలస్యం వంటి కారణాలేవీ కనిపించకుండానే భాష ఒక్కటే వెనకబడి ఉండటాన్ని ఇప్పుడు వికాస భాషా లోపంగా గుర్తిస్తున్నారు. డొరతీ బిషప్ నాయకత్వంలో ఇంగ్లిషు మాట్లాడే దేశాల నిపుణులు 2016, 2017 సంవత్సరాల్లో చర్చించుకుని ఖాయం చేసిన పేరు ఇది. బ్రిటన్, అమెరికా అధ్యయనాల ప్రకారం బడిలో చేరే వయసున్న ప్రతి వంద మందిలో దాదాపు ఏడుగురిలో ఇది కనిపిస్తుంది.

వీటిలో ఏదైనా సరే, పరీక్ష మొదలు కావలసింది చెవి దగ్గర. పుట్టుకతో వచ్చే చెవుడును గుర్తించడం ఒక ఎత్తయితే, తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి నెలల తరబడి వినికిడి మందగించడం మరొక ఎత్తు. అలాంటి బిడ్డ పిలిస్తే పలుకుతాడు, టీవీ శబ్దానికి తిరిగి చూస్తాడు కనుక చెవి బాగానే ఉందని ఇంట్లోవారు నమ్ముతారు. కానీ ‘స’ వంటి సన్నని ధ్వనులు అతడికి నీళ్లలో మునిగి విన్నట్టు వినిపిస్తాయి, వినిపించని ధ్వని నోటికి రాదు. మాట కోసం వెళ్లిన కుటుంబాన్ని స్పీచ్ థెరపిస్టు ముందుగా ఆడియాలజిస్టు దగ్గరికి పంపితే అది కాలయాపన కాదు, చేయవలసిన పని.

ఇక వయసు లెక్కలు. ఏడాది దాటే వేళకు తొలి పదాలు, రెండేళ్లకు దాదాపు యాభై పదాలు, ‘పాలు కావాలి’, ‘తాత రా’ వంటి రెండు పదాల జంటలు, నాలుగేళ్లు నిండేసరికి పరాయివారికి కూడా చాలా వరకు అర్థమయ్యే పలుకు ఉండాలన్నది సాధారణ కొలత. వారం అటూ నెల ఇటూ అయినంత మాత్రాన కంగారు పడవలసిన పని లేదు; కానీ ‘వాళ్ల నాన్నకూ మాటలు అయిదేళ్లకే వచ్చాయి’ అన్న ఓదార్పు మీద రెండేళ్లు గడిపేయడం మాత్రం ఖరీదైన పొరపాటు.

పిల్లల పలుకు ఎలా పెరుగుతుందో తెలియడానికి తెలుగువారికి చేతికి అందేంత దగ్గరలో ఒక సాధనం ఉంది. వర్ణమాల అక్షరాల జాబితా మాత్రమే కాదు, నోటి పటం కూడా. క వర్గం గొంతుకు దగ్గరగా నాలుక వెనక భాగం లేవడం వల్ల, చ వర్గం అంగిలి వద్ద, ట వర్గం నాలుక కొన మడవడం వల్ల, త వర్గం పళ్ల దగ్గర, ప వర్గం పెదవుల కలయిక వల్ల పుడతాయి. అంటే బళ్లో పిల్లవాడు వల్లించే వరుస గొంతు నుంచి పెదవుల దాకా సాగే ప్రయాణం. పసిబిడ్డ నోరు దాదాపు ఈ దారికి ఎదురు నడుస్తుంది. కంటికి కనిపించే, కదిలించడానికి తేలికైన పెదవుల ధ్వనులు ముందు వస్తాయి, వాటి వెంట పళ్ల దగ్గరివి వస్తాయి, నోటి వెనక పుట్టేవి ఆ తరువాత అందుకుంటాయి. ముందు నుంచి వెనక్కి సాగే ఈ క్రమాన్ని భాషావేత్త రోమన్ యాకొబ్సన్ 1941లో ప్రచురించిన గ్రంథంలో సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. పిల్లలందరూ అక్షరాలా అదే క్రమం పాటించరని తరువాతి పరిశోధనలు చూపినా, దాని స్థూలమైన దిశ నిలిచింది. తెలుగు కుటుంబం తన బంధువుల పేర్లను ఈ క్రమం తెలిసి పెట్టుకున్నట్టే ఉంటుంది: అమ్మ, అప్ప, అబ్బ, మామ పెదవులవి, నాన్న, అత్త, తాత పళ్ల దగ్గరివి. బువ్వ, పాప సంగతీ ఇంతే. ఈ వరసల్లో ఎదురు తిరిగేది ఒక్క అక్కే. నాలుక వెనక భాగం లేస్తే తప్ప ‘అక్క’ రాదు కనుక, ఎందరో పసివాళ్లు సొంత అక్కనే ‘అత్త’ అని పిలిచి ఇంటిల్లిపాదినీ నవ్విస్తారు.

రెండున్నరేళ్ల బిడ్డ అలా పిలిస్తే అది ముద్దు మాట. అయిదేళ్లకూ అలాగే పిలుస్తూ, కాకిని ‘తాతి’, కుక్కను ‘తుత్త’, గోడను ‘దోడ’ అంటుంటే, అది ఏదో ఒక అక్షరం నోరు తిరగకపోవడం కాదు. వెనక పుట్టే ధ్వనులన్నిటినీ ముందుకు జరిపి పలకాలన్న ఒక సూత్రం అతడి మనసులో స్థిరపడిపోయిందని అర్థం. దీన్ని ధ్వని వ్యవస్థకు చెందిన లోపం అంటారు. ఇలాంటి బిడ్డకు నాలుకలో ఏ దోషమూ ఉండనక్కరలేదు. దగ్గినప్పుడు, పుక్కిలించినప్పుడు అదే నాలుక వెనక భాగం చక్కగానే లేస్తుంది. అతడికి లేనిది కదలిక కాదు, ‘క’ వేరు ‘త’ వేరు అన్న ఎరుక. ఆ ఎరుకను బెత్తంతోనూ కలిగించలేరు, బతిమాలీ కలిగించలేరు; అర్థం తారుమారు అయినప్పుడే అది కలుగుతుంది.

ఇందుకు తెలుగు ఇచ్చే సామగ్రి అపారం. కోట, తోట, కొండ, తొండ, కల, తల, కోక, తోక: మొదటి ధ్వని ఒక్కటి మారితే లోకమే మారిపోయే ఇలాంటి జంటలతో చేసే చికిత్స 1980ల తొలినాళ్ల నుంచి ప్రచారంలోకి వచ్చింది. కొండ బొమ్మ ఒకటి, తొండ బొమ్మ ఒకటి నేల మీద ఉంటాయి. థెరపిస్టు చేతిలో చిన్న ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. ఎలుగుబంటి ఎక్కడికి ఎక్కాలో చెప్పే అధికారం బిడ్డది. అతడు కొండ ఎక్కించాలనుకుని ‘తొండ’ అంటాడు. థెరపిస్టు ఏ దిద్దుబాటూ చేయకుండా, విన్నది విన్నట్టే నమ్మి, ఎలుగుబంటిని తొండ వీపు మీద ఎక్కిస్తుంది. బిడ్డ తెల్లబోతాడు, నవ్వుతాడు, చేత్తో కొండను చూపిస్తాడు. తన నోటి నుంచి వచ్చింది తన మనసులోనిది కాదని అతడు తెలుసుకున్న ఆ అర నిమిషమే ఆనాటి చికిత్స. తరువాత జరిగేదంతా దాన్ని వాడుకోవడమే. తప్పు అన్న మాట అక్కడ ఎవరూ అనలేదు. ఎలుగుబంటి తొండనెక్కడం వింతగా ఉంది, అంతే.

ఇంత కూడా చేయని, మరింత మెత్తని మార్గం ఇంకొకటి ఉంది. ‘ర’ తెలుగు పిల్లలకు ఆలస్యంగా అందే ధ్వని. చాలామంది కొంతకాలం దాన్ని ‘ల’గా పలికి, కారును ‘కాలు’ అంటారు. ఒక చిన్న కారును పారదర్శకమైన డబ్బాలో పెట్టి, బిడ్డ తీయలేనంత గట్టిగా మూత బిగించి, చాప మీద అతడికి అందే చోట ఉంచుతారు. థెరపిస్టు అతడి కళ్లకు ఎదురుగా, అతడి కన్నా ఎత్తు కాకుండా కూర్చుంటుంది. అతడు డబ్బాను తిప్పుతాడు, లాగుతాడు, చివరికి ఆమె ఒడిలో పెడతాడు. సాధారణంగా పెద్దలు నోరు తెరిచేది ఇక్కడే: ‘ఏం కావాలి? కారా? కారు అను, ఇస్తా.’ ఆమె మాత్రం ఏమీ అనకుండా, ముఖంలో ఆసక్తి తగ్గకుండా, మనసులో పది లెక్కపెడుతుంది. పెద్దలకు ఆ పది అంకెలు చాలా పొడుగు. మాట కూర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టే బిడ్డకు అవి సరిగ్గా సరిపోతాయి. ‘కాలు’ అంటాడతడు. ‘కారు! కారు కావాలా? ఇదిగో కారు’ అని ఆమె మూత తీస్తుంది. ‘కారు పోతోంది, కారు చాప దిగింది, అయ్యో కారు బోల్తా పడింది’ అని అతడి ఆట వెంటే మాటను నడిపిస్తుంది. అయిదు నిమిషాల్లో ఆ ధ్వని సరైన రూపంలో ఇరవై ముప్పై సార్లు, అతడి చూపు ఎక్కడుందో అక్కడే, అతడి చెవిన పడుతుంది. బిడ్డ అన్న మాటనే సరైన రూపంలో, సంభాషణ తెగకుండా తిరిగి అందించే ఈ పనిని పునఃకథనం అనవచ్చు. పసివాళ్ల భాష చికిత్సలో ఎక్కువ పరిశోధన జరిగిన ఉపాయాల్లో ఇదొకటి.

ఈ పద్ధతులు ఒక్కరోజులో రాలేదు. ఆధునిక మాట చికిత్సకు ఆద్యుల్లో ఒకడైన అమెరికన్ చార్లెస్ వాన్ రైపర్ తానే నత్తితో పెరిగినవాడు. 1939లో వెలువడిన అతడి పాఠ్యగ్రంథం నేర్పిన మెట్ల వరుస, అంటే ముందు ధ్వనిని చెవితో గుర్తించడం, తరువాత దాన్ని ఒంటిగా పలకడం, ఆపై అక్షరంలో, పదంలో, వాక్యంలో పలకడం అన్నది, దశాబ్దాల పాటు ఈ వృత్తికి వెన్నెముక అయింది. ఏడెనిమిదేళ్ల వయసులో ఒకే ధ్వని మొండికేసిన పిల్లలకు అది నేటికీ పనికొచ్చే వరుసే. రెండు మూడేళ్ల పసివాడిని ఆ మెట్ల మీద నిలబెట్టబోతేనే చిక్కు. 1970లలో కాన్సాస్ రాష్ట్రంలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే పరిశోధకులు, పాఠం చెప్పే వేళ కన్నా పిల్లవాడు తనంతట తాను ఏదైనా కోరిన క్షణమే భాష నేర్పడానికి అదనైన సమయమని చూపించారు. 1975లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అయాలా హానెన్ మానొల్సన్ అసలు చికిత్సను తల్లిదండ్రుల చేతికే ఇచ్చే శిక్షణను ప్రారంభించింది. ఆమె పేరుతో వెలసిన హానెన్ సంస్థ నేటికీ తల్లిదండ్రులకు మొదట నేర్పేది మూడే పనులు: గమనించు, ఆగు, విను. మార్క్ ఫే 1986లో రాసిన గ్రంథంలో ఈ రెండు ధోరణులనూ ఒకే గీతకు రెండు కొసలుగా చూపాడు. ఒక కొసన ఏం చేయాలో అంతా థెరపిస్టు నిర్ణయిస్తే, రెండో కొసన అంతా బిడ్డ నిర్ణయిస్తాడు, నిజమైన పని చాలా వరకు మధ్యలో జరుగుతుంది.

తల్లిదండ్రుల చేతికి ఎందుకన్న ప్రశ్నకు చిన్న లెక్క చాలు. వారానికి రెండుసార్లు ముప్పావు గంట చొప్పున చికిత్సకు వెళ్లే బిడ్డ థెరపిస్టు దగ్గర గడిపేది గంటన్నర. మెలకువగా ఉండేది ఎనభై గంటలకు పైనే. ఆ ఎనభై గంటల్లో ఇంట్లో జరిగే సంభాషణ ఎలాంటిదో గమనిస్తే, మాట ఆలస్యమైన బిడ్డతో పెద్దలు మాట్లాడే మాటల్లో ప్రశ్నలే ఎక్కువని తేలుతుంది: ఇదేంటి, ఇదేం రంగు, కుక్క ఎలా అరుస్తుంది, తాత పేరేంటి. సమాధానం తెలిసీ అడిగే ఇలాంటి ప్రశ్న సంభాషణ కాదు, పరీక్ష; పరీక్షల్లో తరచూ ఓడిపోయేవాడు నోరు మూసుకోవడమే నేర్చుకుంటాడు. ప్రశ్న స్థానంలో వ్యాఖ్య పెట్టడం, అంటే ‘ఇదేంటి’ అనే బదులు ‘ఓ, పేద్ద బస్సు’ అని ఆగడం, చిన్న మార్పుగా కనిపించినా, అలవాటు పడటానికి చదువుకున్న తల్లిదండ్రులకే వారాలు పడుతుంది.

ఈ విషయంలో తెలుగు ఇంటికి పాతకాలపు ఆస్తి కొంత ఉంది. దోబూచులాటలో ముఖం దాచడం, తీయడం మధ్య వచ్చే విరామం, ఒప్పులకుప్పలో బిడ్డ ‘ఇంకా’ అనేదాకా ఆగడం, చందమామను చూపిస్తూ పెట్టే ప్రతి గోరుముద్దకూ ముందు నోరు తెరిచేదాకా చేయి నిలిపి ఉంచడం, ఇవన్నీ వంతుల వారీ సంభాషణకు ముందు రూపాలే. థెరపిస్టులు డబ్బు తీసుకుని నేర్పేది చాలావరకు ఇదే. అలాగని అమ్మమ్మలు చేసిందల్లా శాస్త్రమని అనుకోనక్కరలేదు. మాటలు తొందరగా రావాలని వస కొమ్మును అరగదీసి నాలుకకు రాసేదీ ఆ ఇళ్లలోనే. ఆపకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం తెలుగు నుడికారానికి అందమే గాని, వస మాట తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు, పైగా పసిపిల్లల్లో అది వాంతులు కలిగించవచ్చు. అమెరికాలో దాన్ని ఆహార పదార్థాల్లో కలపడాన్నే నిషేధించారు. నాలుక కింది పొర కోయిస్తే మాటలొస్తాయన్న నమ్మకమూ ఇలాంటిదే: ఆ పొర బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది కావచ్చు, ఒకటి రెండు ధ్వనులు కష్టం కావచ్చు, కానీ రెండేళ్ల బిడ్డకు పదాలే లేకపోవడానికి కారణం అది కాదు. ఇళ్లను మాత్రమే తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. కొవ్వొత్తి ఊదించడం, బుగ్గలు పూరింపజేయడం, పెదవికి తేనె రాసి నాకించడం వంటి నోటి వ్యాయామాలను కొందరు థెరపిస్టులు ఇప్పటికీ చేయిస్తున్నారు. ఊదడానికి నోరు చేసే పనీ, పలకడానికి చేసే పనీ వేర్వేరు గనుక, కొవ్వొత్తి ఎన్నిసార్లు ఆర్పినా ‘క’ రాదు. మాట మాటతోనే వస్తుంది.

బాలకేంద్రితం అన్న పేరుకు బిడ్డ ఇష్టం వచ్చినట్టు వదిలేయడమని అర్థం చెప్పుకునే ప్రమాదమూ ఉంది. డబ్బాలో కారే ఎందుకుంది, మూత అంత గట్టిగా ఎందుకుంది అన్నవి థెరపిస్టు ముందే ఆలోచించి పెట్టుకున్నవి. దారి బిడ్డదైనా తోట వేసింది ఆమే. కొన్ని పరిస్థితుల్లో బిడ్డ వెంట నడవడం ఒక్కటే చాలదు. మెదడు నుంచి నోటికి వెళ్లే కదలికల పథకమే కుదరని వాక్ అప్రాక్సియాలో, బిడ్డకు ఏం పలకాలో తెలిసినా నాలుక, పెదవులు ఏ వరుసలో కదలాలో చిక్కదు. సైకిల్ నేర్చుకునేవాడికి లాగా అతడికి ఒకే పదాన్ని ఒక్క విడతలోనే అనేకసార్లు పలికే సాధన కావాలి. ఆ సాధన ఏ పదంతో మొదలవ్వాలో మాత్రం అతడి జీవితమే చెప్పాలి: అట్ట మీది ‘పడవ’ కన్నా ‘వద్దు’, ‘ఇంకా’, ‘నాది’ అన్న మాటలు ఆ బిడ్డకు ఎక్కువ అవసరం. గ్రహణమొర్రిలో అంగిలి చీలిక ఉన్నప్పుడు ముందు శస్త్రచికిత్స జరగాలి. గాలి ముక్కులోకి పోయే నోటితో ఏ ఆటా ‘ప’ను తెప్పించలేదు. వినికిడి లేని బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినంత మాత్రాన మాట రాదు. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ పథకం కింద ఆ యంత్రం పొందిన పిల్లలకు, శస్త్రచికిత్స కన్నా ఎక్కువ కాలం పట్టేది ఆ తరువాత విని పలకడం నేర్చుకునే శిక్షణే.

బిడ్డ మాటను కాక బిడ్డను దిద్దబోతే ఏం జరుగుతుందో నత్తి చరిత్ర చెబుతుంది. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో, తానూ నత్తితో బాధపడిన వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని డావెన్‌పోర్ట్ పట్టణంలోని అనాథాశ్రమ పిల్లలు 22 మంది మీద ఒక ప్రయోగం చేసింది. మాట సాఫీగా ఉన్న ఆరుగురు పిల్లలకు నెలల తరబడి, మీ మాటలో తడబాటు ఉంది, సరిగా పలకలేకపోతే మాట్లాడవద్దని చెబుతూ వచ్చారు. ఆ పిల్లలు నత్తివారు కాలేదు. మాట్లాడటమే తగ్గించుకున్నారు, బెరుకు పట్టుకుంది. ప్రచురణకు నోచుకోని ఆ సంగతి 2001లో పత్రికకెక్కాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది; 2007లో అయోవా రాష్ట్రం, బతికి ఉన్నవారికీ చనిపోయినవారి వారసులకూ కలిపి 9,25,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ‘నెమ్మదిగా మాట్లాడు’, ‘ముందు ఆలోచించుకుని చెప్పు’ అని రోజుకు ఇరవైసార్లు హెచ్చరించే ప్రేమగల తల్లిదండ్రులకు ఆ అనాథాశ్రమంతో పోలిక లేదు. అయినా బిడ్డ చెవికి చేరే సందేశంలో తేడా వారు అనుకునేంత పెద్దది కాదు.

పిల్లల్లో నూటికి అయిదుగురికి ఏదో ఒక దశలో, సాధారణంగా రెండు నుంచి అయిదేళ్ల మధ్య, నత్తి వస్తుంది. వారిలో నలుగురిలో ముగ్గురికి పైగా అది పోతుంది కూడా. పోనివారెవరో ముందే కచ్చితంగా చెప్పలేకపోవడమే చిక్కు. లండన్‌లోని మైకేల్ పేలిన్ కేంద్రంలో తల్లిదండ్రులు బిడ్డతో తాము ఆడుకున్న వీడియోను తామే చూసి, తమ వేగాన్ని, మాటకు మాటకు మధ్య విరామాన్ని మార్చుకుంటారు. అక్కడ నెమ్మదించవలసింది పెద్దలు, బిడ్డ కాదు. సిడ్నీలో రూపొందిన లిడ్కమ్ పద్ధతి ఇంకాస్త నిర్మాణం ఉన్నది: బిడ్డ సాఫీగా మాట్లాడినప్పుడు తల్లి దాన్ని గుర్తించి మెచ్చుకుంటుంది, తడబాటును ఎప్పుడో అరుదుగా, మెత్తగా ప్రస్తావిస్తుంది. 2005లో వెలువడిన ఒక న్యూజీలాండ్ పరీక్షలో ఈ పద్ధతి, సహజంగా తగ్గడం కన్నా మెరుగైన ఫలితం ఇచ్చింది.

తెలుగు పిల్లల చికిత్సలో ఇంకో సున్నితమైన మెలిక ఉంది. ‘కళ్లు’ను ‘కల్లు’ అనే బిడ్డను చికిత్సలో పెట్టే ముందు, ఆ ఇంట్లో అమ్మ, తాత ఎలా అంటారో థెరపిస్టు వినాలి. ఎన్నో ఊళ్ల వాడుకలో ళ, ల ఒకటే. శాంతి సాంతి అవుతుంది, భాష బాస అవుతుంది. ఇంటి పలుకుబడిని లోపంగా నమోదు చేస్తే అది బిడ్డకే కాదు, కుటుంబం మొత్తానికీ చీటీ రాసినట్టు. పాఠ్యపుస్తకపు తెలుగు ఒక్కటే కొలబద్ద అయితే, రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ పల్లెల పిల్లల్లో సగం మందికి చికిత్స అవసరమనే వింత లెక్క తేలుతుంది.

ఇంగ్లిషు మాధ్యమం మీది ఆశతో, మాట ఆలస్యమైన బిడ్డతో తెలుగు పూర్తిగా మానేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. రెండు భాషలు కలవడం వల్లే ఆలస్యమైందని, అందుకే ఒకటి వదిలేయమని ఒకప్పుడు నిపుణులే సలహా ఇచ్చేవారు. రెండు భాషల మధ్య పెరగడం మాట లోపానికి కారణం కాదని పరిశోధనలు తేల్చాయి. తల్లికి ఏ భాషలో నవ్వు, కోపం, జోల సహజంగా వస్తాయో ఆ భాష తీసేస్తే బిడ్డకు మిగిలేది ఆమె చెప్పే పొడిపొడి ఇంగ్లిషు వాక్యాలే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో చట్టం బాసట కూడా ఉంది: మూడేళ్ల లోపు పిల్లలకు తొలిదశ సేవలను, ఆపైన స్థానిక పాఠశాలల ద్వారా ఉచిత చికిత్సను కల్పించే అక్కడి కేంద్ర చట్టం, సాధ్యమైనంత వరకు పరీక్ష బిడ్డ ఇంటి భాషలో జరగాలని కోరుతుంది. తెలుగులో వంద పదాలున్న బిడ్డకు ఇంగ్లిషు అట్టలు చూపించి పది పదాలే ఉన్నాయని రాసిన నివేదికను తల్లిదండ్రులు ప్రశ్నించవచ్చు.

మనదేశంలో ఈ వృత్తికి పునాది 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. ఇదే రంగంలో 1983లో ముంబయిలో నెలకొన్న జాతీయ సంస్థ, హైదరాబాదులో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరుతో ఉంది; దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో పనిచేస్తోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించే బృందాలు చూడవలసిన 30 పరిస్థితుల్లో వినికిడి లోపం, మాట ఆలస్యం ఉన్నాయి. అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు దగ్గరి ఆసరా. ప్రైవేటు కేంద్రాన్ని ఎంచుకునేవారు థెరపిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడగడం మర్యాదకు భంగం కాదు. అంతకన్నా పనికొచ్చే పరీక్ష మరొకటి ఉంది: చికిత్స జరిగే గదిలోకి తల్లిని రానిస్తారా, లేక తలుపు వేసి బయట కుర్చీలో కూర్చోబెడతారా అన్నది. ఆ తలుపు వేసి ఉన్నంత కాలం ఎనభై గంటలు ఒకవైపు, గంటన్నర ఒకవైపు ఉండిపోతాయి.

చికిత్స పని చేస్తోందా అన్నదాన్ని కొలిచే తీరు కూడా మారుతోంది. అట్టల మీది యాభై పదాల్లో ఎన్ని సరిగ్గా పలికాడన్న శాతం ఇంకా అవసరమే. దాని పక్కన ఇప్పుడు ఆస్ట్రేలియాలో షరీన్ మెక్‌లౌడ్ బృందం 2012లో ప్రకటించిన, ఎన్నో భాషల్లోకి వెళ్లిన ఒక చిన్న ప్రశ్నావళి చేరింది. అందులో ఉన్నవి ఏడే ప్రశ్నలు, జవాబు చెప్పేది తల్లిదండ్రులు, మార్కులు ఒకటి నుంచి అయిదు దాకా. బిడ్డ మాట మీకు అర్థమవుతుందా అని మొదలై, ఇంట్లోవారికి, చుట్టాలకు, అతడి స్నేహితులకు, తెలిసినవారికి, టీచర్లకు అంటూ ఒక్కో వలయం దాటుకుంటూ వెళ్లి, చివరి ప్రశ్న పరిచయం లేనివారి గురించి అడుగుతుంది: కిరాణా కొట్టు ముందు నిలబడి బిడ్డ తనకు కావలసింది తానే అడిగితే, పక్కనున్న తల్లి అనువదించకుండానే కొట్టువాడు అది తీసి ఇవ్వగలుగుతున్నాడా?